యుద్ధభూమికి టిక్కెట్టు

చీర కొనడానికి వెళ్ళి మూడు గంటలు కూర్చుని, కొట్టతని చేత వంద చీరల మడతలు విప్పించి, చిట్టచివరికి మొట్టమొదట చూసిన చీరే పట్టుకుని ఇంటికొచ్చే జాతి మనది. ఆ విద్యలో మా వాళ్ళందరిలోకీ నాకు కాస్త పేరుంది. అందుకే కాబోలు, మొన్న అక్టోబరులో లండన్‌లో మా అక్క కూతురింట్లో ఉండగా, ఒక సాయంత్రం మూడు కరపత్రాలు తెచ్చి నా ఒళ్ళో పడేసి, "ఏది మంచిదో నువ్వే చెప్పు పిన్నీ" అంది బుజ్జి.

చూస్తే అవి చీరల తాలూకువి కావు. యుద్ధభూముల తాలూకువి.

మనకి వింతగానీ అక్కడ ఇది మామూలేనట. వందేళ్ళ కిందట లక్షలమంది చచ్చిపోయిన పొలాలకి బస్సుల్లో తీసుకెళ్ళి, ఇదిగో ఇక్కడ కందకం, అదిగో అక్కడ మరతుపాకి అని చూపించి, వేళకి కాఫీ ఇప్పించి, మళ్ళీ భద్రంగా తెచ్చి దింపుతారు. మనవాళ్ళు కాశీ, గయ, ప్రయాగ కలిపి ఒక యాత్ర వేసినట్టే.

మొదటి కరపత్రంలో పెద్ద బస్సు, యాభైమంది జనం. రెండు రోజుల్లో పదకొండు చోట్లు. ఫ్రాన్సులో సోమ్ నది పరిసరాలూ, బెల్జియంలో ఈపర్ పట్టణం చుట్టుపక్కలూ. అన్నీ మొదటి ప్రపంచయుద్ధం నాటివి. రాత్రి భోజనం ఆనాటి సిపాయిల పద్ధతిలో రేకు పళ్ళాల్లో, ఆనాటి పాటలతో సహా! రెండోది నార్మండీ తీరం. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యాలు దిగిన ఒడ్డున పాత జీపులో తిప్పుతారట. మూడోది బొమ్మలు లేని ఒంటి కాగితం. ఎనిమిదిమంది పట్టే వ్యాను, రెండు రోజులు, అయిదే చోట్లు. ఖరీదు మాత్రం మొదటిదానికి ఇంచుమించు రెట్టింపు.

ఎవరికోసం ఈ యాత్ర అంటే, మా మనవడి కోసం. నలభై ఏడేళ్ళకే నేను అమ్మమ్మనెలా అయ్యానని ఆశ్చర్యపోకండి. మా అక్కకీ నాకూ పదహారేళ్ళు తేడా, దాని కూతురు నాకంటే ఏడేళ్ళే చిన్న. ఆ పిల్ల కొడుక్కి ఇప్పుడు పదిహేడేళ్ళు. "చిన్నమ్మమ్మా" అని వాడు ఆ లండన్ యాసలో పిలుస్తుంటే, జుట్టుకి రంగు వేసుకుని మరీ వెళ్ళినదాన్ని, లోపల కొంచెం చివుక్కుమంటుంది. అది వేరే సంగతి.

ఆ పిల్లాడు సైన్యంలో చేరతానంటున్నాడు. అక్కడ పద్దెనిమిది నిండకుండా చేరాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఆ కాగితం నేను వెళ్ళేసరికి వాళ్ళ వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద, కోడిపుంజు బొమ్మ ఉన్న అయస్కాంతం బిళ్ళ కింద వేలాడుతోంది. కింద సంతకం గీత ఖాళీగా ఉంది. పాలు తియ్యడానికి ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా బుజ్జి ఆ కాగితం వంక చూడకుండా తెరవడం నేను గమనించాను.

వాడికి నార్మండీ కావాలి, జీపు ఉంది గనుక. అల్లుడికి పెద్ద బస్సు కావాలి. కంప్యూటర్ల ఉద్యోగమేగాని యుద్ధచరిత్ర అంటే అతనికి ప్రాణం. "అత్తయ్యగారూ, 1916 జులై 1న ఒక్క రోజులో బ్రిటిష్ వాళ్ళు పంతొమ్మిది వేలమంది చచ్చిపోయారండీ సోమ్‌లో. అయినా వెనక్కి తిరగలేదు! అలాంటి చోటు పిల్లాడు చూడాలి" అన్నాడు. బుజ్జి నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించి, "సమాధులు ఎక్కువున్నది ఏదో చూడు పిన్నీ. వాడికి భయం పుట్టాలి" అంది.

ముందు నాకు ఒళ్ళు మండింది, చెప్పొద్దూ. చచ్చిపోయినవాళ్ళ మీద టిక్కెట్టేమిటి? మనలో ఎవరింట్లోనైనా చావు సంభవిస్తే, పరామర్శకి వెళ్ళేవాళ్ళకి ఎన్ని నియమాలు! ఆ ఇంట్లో మంచినీళ్ళు పుచ్చుకోవడానికి కూడా సందేహిస్తాం. లేచి వచ్చేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకూడదు. ఊరికే లేచి వచ్చెయ్యాలి. ఇంటికొచ్చి నెత్తిన నీళ్ళు పోసుకుంటేగాని లోపలికి రానివ్వరు. అలాంటిది, లక్షల చావులు జరిగిన చోట రేకు పళ్ళాల్లో విందూ, పాటలూనా?

కానీ ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. ఎంచేతంటే, మా అమ్మ పుట్టిల్లు పల్నాడు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి యుద్ధం. ఆ వీరుల పేరిట ఆయుధాలు మోసుకొస్తారు, నాగులేట్లో స్నానాలు చేస్తారు, వీరవిద్యావంతులు కథ పాడతారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నేనూ వెళ్ళాను. కథలో బాలచంద్రుడు పడిపోయే ఘట్టానికి పెద్దవాళ్ళంతా కళ్ళొత్తుకుంటుంటే నేనూ ఏడ్చాను గాని, రంగులరాట్నం ఎక్కించలేదని. జీళ్ళూ, గాజులూ, బూరలూ అన్నీ అమ్మారు అక్కడ. అదీ యుద్ధభూమి యాత్రే కదా! మనది తిరునాళ్ళూ, వాళ్ళది టూరిస్టు బస్సూనా?

పైగా ఈ యాత్రలు మొదలైన వైనం తెలుసుకున్నాక ఆ కాస్త కోపమూ పోయింది. మొదటి ప్రపంచయుద్ధం ఇంకా ముగియకుండానే, 1917లోనే, టైర్లు తయారుచేసే మిషలిన్ కంపెనీ యుద్ధరంగాలు చూడ్డానికి దారి చూపే పుస్తకాలు అచ్చు వెయ్యడం మొదలుపెట్టింది. అది వ్యాపారమే అనుకోండి. కాని అసలు జనాన్ని అక్కడికి నడిపించింది వేరే సంగతి. చచ్చిపోయినవాడు లార్డుగారబ్బాయైనా, కూలివాడి కొడుకైనా, ఏ శవాన్నీ ఇంటికి తీసుకురావడానికి వీల్లేదని బ్రిటిష్ ప్రభుత్వం తీర్మానించింది. పడినచోటే సమాధి. అంచేత కొడుకుని చూసుకోవాలంటే తల్లే సముద్రం దాటాలి. ఉన్నవాళ్ళు కుక్ కంపెనీ టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళారు. లేనివాళ్ళని ధర్మసంస్థలు చవగ్గా తీసుకెళ్ళాయి. నల్లబట్టలు వేసుకుని, ఊళ్ళో పెరట్లోంచి తెచ్చిన పూలు పట్టుకుని, సమాధి నంబరు రాసిన చీటీతో వెతుక్కునేవారట.

ఆ తల్లులూ, ఆ భార్యలూ ఇప్పుడు ఒక్కరు లేరు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళంతా నాలాంటి పైవాళ్ళే. కనక వెళ్ళొచ్చా, కూడదా అన్నది కాదు ప్రశ్న. ఎవరూ వెళ్ళకపోతే ఆ రాళ్ళమీద నాచు పడుతుంది, అంతే. ఎందుకు వెళ్తున్నామన్నదే నన్ను పీకింది.

మా ఇంట్లోనే చూడండి. తండ్రికి ధైర్యం నేర్పే శవాలు కావాలి. తల్లికి భయపెట్టే శవాలు కావాలి. ఒకే సమాధిని ఈయన ఒకందుకు సాక్ష్యం పిలుస్తాడు, ఆవిడ ఇంకొకందుకు పిలుస్తుంది. నోరున్న సాక్షి అయితే "నేనలా అనలేదు బాబూ" అని అడ్డం చెప్తాడు. చచ్చిపోయినవాడు ఏం చెప్తాడు? ఎవరు ఏ మాట పెడితే ఆ మాట పలుకుతాడు. పంతొమ్మిదో ఏట పోయినవాడు దేశం కోసం పోయాడో, ఊళ్ళో పని దొరక్క పోయాడో, స్నేహితుడు చేరాడని చేరి పోయాడో, వాణ్ణి అడగడానికి లేదు. అయినా మనం టిక్కెట్టు కొనేటప్పుడే వాడి జవాబు కూడా కొనేసుకుంటున్నాం.

నేనేమైనా తక్కువ తిన్నానా? మూడు కరపత్రాలూ పక్కన పెట్టుకుని నేను వెతికింది మనవాళ్ళ పేర్లున్న చోటు కోసం. ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షల పైచిలుకు జనం సముద్రాలు దాటి వెళ్ళారు. డెబ్బై వేలకి పైగా తిరిగి రాలేదు. బస్సు కరపత్రంలోని పదకొండు చోట్లలో వాళ్ళ ఊసే లేదు. వ్యాను కాగితంలో మాత్రం మొట్టమొదటి పేరే నవ్ షపెల్.

అయినా తొందరపడకుండా, కొట్టువాణ్ణి సతాయించే అలవాటు ప్రకారం, బస్సు వాళ్ళకీ వ్యానాయనకీ కూడా బుజ్జి చేత ఫోను చేయించాను. ఒకటే ప్రశ్న. "శత్రువుల శ్మశానం కూడా చూపిస్తారా?"

బస్సు తాలూకు అమ్మాయి ఎంతో మర్యాదగా, "జర్మన్లదా? టైముంటే ఆగుతామండీ, అక్కడ బాత్‌రూములు బావుంటాయి" అంది. పాపం, ఆ పిల్లదేం తప్పు? అడిగినవాళ్ళకి అవే ముఖ్యం కాబోలు.

వ్యానాయన జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాడు. "మీ కుటుంబంలో ఎవరైనా ఆ యుద్ధంలో పోయారా?" లేదన్నాం. "అయితే ఎవర్ని చూడాలని వస్తున్నారు?" అన్నాడు. బుజ్జి ఫోను చేత్తో మూసి, ఏం చెప్పనన్నట్టు నా మొహంలోకి చూసింది. నాకూ ఏం తోచలేదు. "ఇతని వ్యానే ఖాయం చెయ్యి" అన్నాను. డబ్బు తేడా నేనిస్తానన్నాను కూడా. అల్లుడు మొహమాటపడ్డాడనుకోండి.

ఆయన బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పొట్టిగా, చెవుల మీద తెల్లటి వెంట్రుకలతో, మన పల్లెటూరి హెడ్మాస్టరుగారికి కోటు తొడిగినట్టున్నాడు. వ్యానుని వ్యానుగానే రైలెక్కించి, సముద్రం కింద సొరంగంలోంచి ఫ్రాన్సుకి చేర్చాడు. ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. అంతసేపూ మనవడు చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చున్నాడు. నేను పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడ్డాను.

నవ్ షపెల్ అంటే ఏదో ఘనమైన ఊరనుకున్నాను. ఏమీ లేదు. నాలుగు రోడ్లు కలిసేచోట, బీటు దుంపల పొలాల మధ్య, గుండ్రంగా ఒక తెల్లని ప్రాకారం. నడుమ పదిహేను మీటర్ల స్తంభం. మన అశోకుడి స్తంభం పద్ధతిలో చెక్కి, పైన పద్మం, దానిమీద కిరీటం. అటూ ఇటూ రెండు పులులు. గోడ సగం సాంచీ కంచెలాగా చిల్లుల రాయి, సగం గట్టి రాయి, దానినిండా పేర్లు. నాలుగు వేల ఏడు వందల పైచిలుకు. సమాధి కూడా దొరకని మన సిపాయిలవీ, కూలీలవీ. న్యూఢిల్లీ కట్టడాల్లో చెయ్యున్న హెర్బర్ట్ బేకర్ దీన్ని గీశాడు. 1927 అక్టోబరులో తెరిచారు.

"పొద్దున సొరంగంలో ఎంతసేపున్నాం?" అని అడిగాడు మేష్టారు, మనవణ్ణి. వాడు చెప్పాడు. "ఇక్కడ 1915 మార్చి 10న, పొద్దున ఏడున్నరకి, సరిగ్గా అంతసేపు ఫిరంగులు కాల్చారు. తరవాత ఈల ఊదారు. మీరట్ డివిజన్ వాళ్ళు ఆ చెట్ల పక్కనుంచి లేచి పరుగెత్తారు. మధ్యాహ్నం కాకుండానే ఊరు చేతికొచ్చింది. ఆ తరవాత ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు లేరు. టెలిఫోను తీగలు తెగిపోయాయి. వెనకనించి ఆజ్ఞ వచ్చేసరికి గంటలు గడిచాయి. ఈలోగా జర్మన్లు కూడగట్టుకున్నారు. ఫిరంగి గుళ్ళు అయిపోయాయి. మూడు రోజులు. రెండు కిలోమీటర్లు."

రెండు కిలోమీటర్లంటే మా ఇంటినుంచి కూరగాయల మార్కెట్టు అంత దూరం. ఆ మూడు రోజుల్లో చచ్చిపోయిన, గాయపడిన మనవాళ్ళే నాలుగు వేలమందికి పైన.

వీళ్ళంతా 1914 సెప్టెంబరు చివరినుంచీ మార్సేల్ రేవులో దిగుతూ వచ్చినవాళ్ళు. వేసవి బట్టల్లో వచ్చి ఆ చలికాలమంతా బురద కందకాల్లో గడిపారు. ఇళ్ళకి ఉత్తరాలు రాసేవారు. రాయడం రానివాళ్ళు రాయించేవారు. ఆ ఉత్తరాలన్నీ పైవాళ్ళు విప్పి చదివేవారు గనుక సంకేతాలు పెట్టుకున్నారట. మనవాళ్ళు నల్ల మిరియాలు, తెల్లవాళ్ళు ఎర్ర మిరపకాయలు. నల్ల మిరియాలు అయిపోవస్తున్నాయని రాస్తే, ఊళ్ళో వాళ్ళకి అర్థమయ్యేది. ఈ మాట మేష్టారు చెప్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. పోపులపెట్టె ముందు కూర్చుని ఆ ఉత్తరం చదివించుకున్న తల్లి ఎలా ఉండి ఉంటుంది!

గోడ దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క పలకా చదవడం మొదలుపెట్టాను. గఢ్వాలీలు, గూర్ఖాలు, సిక్కులు, పఠాన్లు, జాట్లు. గబర్ సింగ్ నేగీ పేరు మేష్టారు వేలు పెట్టి చూపించాడు. మార్చి 10నే పోయాడు. విక్టోరియా క్రాస్ వచ్చింది. పంతొమ్మిదేళ్ళు. నేను మాత్రం వేరే పని మీదున్నాను. ఏ రామయ్యో, ఏ వెంకటస్వామో కనిపిస్తాడేమోనని వెతుకుతున్నాను. మెడ నొప్పెట్టేదాకా వెతికినా తెలుగు పేరనిపించేది నా కంటికి ఒక్కటీ ఆనలేదు. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం నా మనసు చిన్నబోయింది. వెనువెంటనే సిగ్గేసింది. నాలుగు వేల ఏడు వందలమంది కళ్ళెదురుగా ఉంటే, మనవాడు లేడని విచారమా? చుట్టం చూపుకి వచ్చి, మా వాళ్ళు లేరా అని తిరిగిపోయే మనిషినయ్యాను.

బుజ్జి గేటు దగ్గర నిలబడి ఏడుస్తోంది. దానికి పేర్లతో పనిలేదు. వయసులు ఊహించుకుంటోంది కాబోలు. పిల్లాడు పులుల్ని ఫొటో తీస్తున్నాడు.

దారిలో ఒక పొలంగట్టున మేష్టారు వ్యాను ఆపాడు. కరెంటు స్తంభం మొదట్లో తుప్పుపట్టిన ఇనుప గుమ్మడికాయలాంటిది ఒకటి పడుంది. ఫిరంగి గుండు. ఇప్పటికీ నాగలికి తగులుతూనే ఉంటాయట. రైతులు తెచ్చి రోడ్డు పక్కన పెడితే, సైన్యం వాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. వందేళ్ళయినా కొన్ని పేలతాయి. మనవడు చెవుల్లోంచి పాటలు తీసేసి మొదటిసారి దగ్గరికి వచ్చి చూశాడు. "ముట్టుకోకు" అన్నారు వాళ్ళ అమ్మా నాన్నా ఒకే గొంతుతో. అన్ని రోజుల్లో వాళ్ళిద్దరి నోటా ఒకే మాట రావడం నేను విన్నది అప్పుడే.

రాత్రికి ఈపర్ చేరాం. ఆ పేరు పలకలేక ఆనాటి ఇంగ్లీషు సిపాయిలు వైపర్స్ అనేవారట. ఊరంతా నేలమట్టమైతే మళ్ళీ పాత నమూనాలోనే కట్టుకున్నారు. మెనిన్ గేట్ అని పెద్ద కమాను. దాని గోడలనిండా సమాధి దొరకని యాభై నాలుగు వేలమంది పేర్లు. రోజూ రాత్రి ఎనిమిదింటికి దానికింద రోడ్డు మీద బండ్లు ఆపి బూరాలు ఊదుతారు. 1928 నుంచీ అంతే. రెండో యుద్ధంలో జర్మన్లు ఊరుని పట్టుకున్నప్పుడు తప్ప ఆగలేదు. వందలమంది జనం, అందరి చేతుల్లోనూ ఫోన్లు. పక్కనే చాక్లెట్ల దుకాణాలు. నాకు కారెంపూడి జీళ్ళు గుర్తొచ్చి, ఒక పెట్టె కొన్నాను.

మర్నాడు పొద్దున టైన్ కాట్. పన్నెండు వేల సమాధులు, అందులో ఎనిమిది వేల పైచిలుకు పేరు తెలియనివి. తెల్లటి రాళ్ళు, గులాబీ మొక్కలు, గీసినట్టు కత్తిరించిన గడ్డి. నిజానికి చాలా అందంగా ఉంది, అదే నన్ను ఇబ్బంది పెట్టింది. అంత శుభ్రంగా ఉంటే చావు కూడా సవ్యమైన పనిలా కనిపిస్తుంది. అల్లుడు అటెన్షన్‌లో నిలబడ్డాడు. తప్పేముంది, అతని భక్తి అతనిది.

అక్కణ్ణించి లాంగెమార్క్. అదే నేను ఫోనులో అడిగిన శత్రువుల శ్మశానం. ఓక్ చెట్ల కింద చీకటి. నిలువు రాళ్ళు లేవు, నేలబారు పలకలు. నలభై నాలుగు వేలమంది జర్మన్లు, అందులో పాతికవేలమంది ఒకే గోతిలో. గులాబీలు లేవు. దూరంగా నలుగురు కంచు సిపాయిలు తలవంచుకుని నిలబడి ఉన్నారు. మనవడు నెమ్మదిగా, "వీళ్ళేనా నవ్ షపెల్‌లో మనవాళ్ళని కాల్చింది?" అన్నాడు. మేష్టారు, "వీళ్ళలో కొందరు కావచ్చు. మీవాళ్ళు కాల్చినవాళ్ళూ ఉండొచ్చు" అన్నాడు. మీవాళ్ళు కాల్చినవాళ్ళు! ఆ మాట నాకు తట్టలేదు సుమా. నిన్నంతా మనవాళ్ళు చచ్చిపోవడం గురించే అనుకున్నాంగాని, మనవాళ్ళు చంపడం గురించి ఎవరమూ అనుకోలేదు. అల్లుడు ఏదో అనబోయి ఊరుకున్నాడు.

చివరి చోటు వ్లాడ్స్‌లో. ఈపర్‌కి ఉత్తరంగా పొలాల్లో చిన్న పల్లె. మేష్టారు గేటు దాకా వచ్చి, "లోపల నేను చెప్పేదేమీ లేదు. చివరిదాకా నడవండి" అన్నాడు.

ఇక్కడా ఓక్ చెట్లే, నేలబారు పలకలే. ఒక్కో పలక మీద ఇరవై పేర్లు. చివర్న ఇద్దరు ముసలివాళ్ళు రాతితో చేసినవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. తండ్రి నిటారుగా, చేతులు తన ఒంటికే బిగించి కట్టుకుని, ఎదర ఉన్న పలకల వైపు చూస్తున్నాడు. తల్లి ముందుకి వంగిపోయి, తల దించేసింది. చెయ్యి మెడ దగ్గర బట్టని పట్టుకుని ఉంది. ఏడుపు కనపడదు. ఎవరో కొట్టబోతే కాచుకునే మనిషిలా వంగింది.

ఆవిడ కేటే కోల్విట్స్. జర్మనీలో పేరున్న చిత్రకారిణి. భర్త కార్ల్ డాక్టరు. రెండో కొడుకు పీటర్ 1914 ఆగస్టులో సైన్యంలో చేరతానన్నాడు. పద్దెనిమిదేళ్ళు. మైనారిటీ తీరలేదు గనుక తండ్రి అనుమతి కావాలి. తండ్రి ఇవ్వనన్నాడు. కొడుకు తల్లి వైపు చూశాడు. తల్లి లేచి వెళ్ళి, వాడి తరఫున భర్తని బతిమాలింది. ఆయన ఒప్పుకున్నాడు. అక్టోబరులో పిల్లాడు బెల్జియం వచ్చాడు. ఆ నెలలోనే, ఇక్కడికి దగ్గర్లోనే, చచ్చిపోయాడు. ఈ సంగతి ఎవరో కట్టిన కథ కాదు. ఆవిడే తన డైరీలో రాసుకుంది. అప్పటికి ఆవిడకి నలభై ఏడేళ్ళు. నా వయసు.

ఆ ఏడే కొడుక్కి గుర్తుగా ఏదైనా చెయ్యాలని మొదలుపెట్టింది. మొదట పిల్లాడి బొమ్మ అనుకుంది. కుదర్లేదు, మానేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి పిల్లాడు పోయి, తల్లీ తండ్రీ మిగిలారు, వాళ్ళ మొహాలతోనే. 1932లో, అరవై అయిదో ఏట, తెచ్చి శ్మశానంలో పెట్టింది. పిల్లాడు బతికింది పద్దెనిమిదేళ్ళు, బొమ్మకి పట్టింది పద్దెనిమిదేళ్ళు. 1950ల్లో సమాధుల్ని ఇక్కడికి మార్చినప్పుడు బొమ్మల్నీ తెచ్చారు. పీటర్ పేరున్న పలక వాళ్ళ మోకాళ్ళ ముందరే ఉంది. ఆ పిల్లాడి పేరే పెట్టుకున్న మనవడు 1942లో, రెండో యుద్ధంలో, రష్యాలో పోయాడు. ఆవిడ అదీ చూసింది.

ఇదంతా అల్లుడు ఫోనులో వెతికి, మాకు వినిపించేలా తెలుగులో చెప్పుకొచ్చాడు. తండ్రి ఇవ్వనన్నాడు అన్నచోట అతని గొంతు తడబడింది. తల్లి బతిమాలింది అన్నచోట బుజ్జి చప్పున తలెత్తింది. మా ఇంట్లో సంగతి తలకిందులు కదా.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. బాలచంద్రుడు యుద్ధానికి వెళ్తానంటే తల్లి ఐతమ్మకి ఆపడం చాతకాలేదు. కోడలు మాంచాల దగ్గరికి వెళ్ళి సెలవు పుచ్చుకోరా అని పంపింది, ఆ పిల్ల మొహం చూసైనా ఆగిపోతాడేమోనని. మాంచాల తానే కత్తి అందించి సాగనంపింది. తరతరాలుగా మాంచాలని పొగిడాం, నేనూ పొగిడాను, స్కూల్లో వక్తృత్వపు పోటీలో ఆవిడ మీద మాట్లాడి స్టీలు గ్లాసు గెలుచుకున్నాను కూడా. కత్తి చేతికిచ్చిన మర్నాడు ఆ పిల్ల ఏం చేసిందో, ఎటు చూస్తూ కూర్చుందో, ఆ ఉపన్యాసంలో లేదు. ఐతమ్మ అసలే లేదు. పంపినవాళ్ళ సంగతి చెప్పే బొమ్మ నేను చూసింది ఇదొక్కటే. అదీ మనం శత్రువులనుకున్న వాళ్ళది.

పిల్లాడు ఆ తల్లి బొమ్మ పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఫొటో తియ్యలేదు. భయపడ్డాడా, మనసు మార్చుకున్నాడా అంటే నేను చెప్పలేను. మొహం చూసి తేల్చేద్దామనుకుని, అదీ ఒకలాంటి సాక్ష్యమే కదా అని చూపు తిప్పుకున్నాను. కాసేపటికి వాడే, "అమ్మా, చలేస్తోందా?" అని తన కోటు తీసి బుజ్జి భుజాల మీద వేశాడు. అది ఏమీ మాట్లాడలేదు.

వాన తుంపర మొదలైంది. మేష్టారు గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరం వెనక్కి తిరిగాం. నాకు ఏ చోటినుంచి కదిలినా ఒక నమస్కారం పెట్టి, "వెళ్ళొస్తాం" అనడం అలవాటు. నోటి చివరిదాకా వచ్చింది. నాలిక కరుచుకుని, ఊరికే వచ్చేశాను.

లండన్‌లో ఇంటికి చేరేసరికి రాత్రి పదిన్నర. బుజ్జి పెరుగు కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. ఈసారి ఆ కాగితం వంక చూసింది. చూసి, తలుపు తెరిచి, పెరుగు తీసి, మూసేసింది. నేను తిరుగు విమానం ఎక్కేనాటికి అది కోడిపుంజు కింద అలాగే ఉంది, సంతకం గీత ఖాళీగా. మొన్న ఫోనులో చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను అడగలేదు, అదీ చెప్పలేదు. సంక్రాంతికి వాడికి పద్దెనిమిది నిండుతాయి.